సూర్యకుమారి ఇంట్లో హిందీ

సూర్యకుమారి నోటికి తాళం లేదని మా బ్లాకులో అందరికీ తెలుసు. ఈ పరాయి దేశంలో, క్లెమెంటి అనే పేటలో మా ఫ్లాటు ఐదో అంతస్తులో, వాళ్లది ఏడో అంతస్తులో. లిఫ్టు తలుపు తెరుచుకోకముందే ఆమె గొంతు వినబడేది. కూతురి మీద కేకలు, కుక్కరు మీద విసుగు, తెనాలిలో ఉన్న అక్కతో ఫోను, అన్నీ ఒకే శ్రుతిలో సాగేవి. వాళ్ల ఎదురింటి చైనా ముసలాయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆవిడ "ఓసి నీ దుంపతెగ" అన్నప్పుడల్లా గుమ్మంలో కూర్చుని నవ్వుకునేవాడు. అలాంటి మనిషి ఈ ఏడాది ఉగాది దాటినప్పటి నుంచి జూలై దాకా నోరు కట్టేసుకుని బతికింది. కారణం చెబితే మీరు నమ్మరు. కూతురికి మాతృభాష పరీక్ష దగ్గరపడింది.

నా పేరు హాజరా. మాది నల్లగొండ. ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటూ, బడిలో తెలుగు మీడియం చదువుకుంటూ పెరిగాను. మా ఆయన కరీం వన్-నార్త్‌లో మందుల పరిశోధన కంపెనీలో పనిచేస్తాడు. సూర్యకుమారితో నా స్నేహం కరివేపాకుతో మొదలైంది. ఆమె బాల్కనీలో పెంచుకున్న మొక్క నుంచి నాకు రెబ్బలు తెంచి ఇచ్చేది, రెబ్బకు రెండు కబుర్లు చొప్పున. మనిషి మీద నాకు ప్రేమ ఉంది కాబట్టే ఇంత కోపంగా రాస్తున్నాను.

ఈ దేశంలో బడికి వెళ్లే పిల్లలకు ఇంగ్లీషుతో పాటు మాతృభాష అని ఇంకో సబ్జెక్టు ఉంటుంది. చైనావాళ్లకు చైనీసు, మలయ్‌వాళ్లకు మలయ్, మన ఇండియావాళ్లకు తమిళం. తమిళులు కాని ఇండియావాళ్లు హిందీ, ఉర్దూ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీల్లో ఒకటి తీసుకోవచ్చు. తెలుగు లేదు. సూర్యకుమారి కూతురు ప్రణవిని ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఆమె భర్త చక్రధర్ ఫారంలో మాతృభాష గడి దగ్గర ఆగిపోయి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సలహా అడిగాడట. సగం మంది తమిళం అన్నారు, సగం మంది హిందీ అన్నారు, ఒకాయన మామిడికాయ పచ్చడి ఫొటో పెట్టాడు. అప్పుడు సూర్యకుమారి తీర్పు చెప్పింది.

"హిందీ పెట్టండి. నేను విశారద పాసయ్యాను. నేను చూసుకుంటాను."

విశారద సంగతి చెప్పాలి. ఆ కాలంలో ఆడపిల్లలు సాయంత్రాలు హిందీ పంతులుగారి ఇంటికి వెళ్లి చాప మీద కూర్చుని ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ హిందీ పరీక్షల్లో ఒక్కో మెట్టూ ఎక్కేవారు. పాఠం హిందీలో, అర్థం తెలుగు గైడులో, జవాబు బట్టీలో. సూర్యకుమారి అలా ఎక్కి ఎక్కి విశారద దాకా వెళ్లింది. సర్టిఫికెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. పెళ్లయ్యాక కాశీ వెళుతుంటే రైల్లో ఎవరో కిటికీ తెరిచారట. చలేసి, మూయమని అడగడానికి మాటలు వెతుక్కుని, దొరక్క, చివరికి తానే లేచి మూసిందట. ఈ కథ ఆమే నవ్వుతూ చెప్పేది. కథ చెప్పింది గానీ అందులోని నీతి మాత్రం ఆమెకు తట్టలేదు.

ప్రణవి ఇక్కడే పుట్టింది. పదహారేళ్లది. ఆ ఇంట్లో మాటలు ఎలా నడిచేవో వింటే సరదాగా ఉండేది. తల్లి తెలుగులో అడిగేది, పిల్ల ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి ఇంగ్లీషులో చెప్పేది. "ఏవే, తిన్నావా?" "ఈట్ ఆల్రెడీ లా, మా." "ఏం తిన్నావు? ఆ నూడుల్సేనా? కడుపా, చెరువా?" "మా, స్టాప్ లా." ఒకరి భాషలో ఒకరు ఒక్క మాటా అనకపోయినా ఎక్కడా ఏదీ ఆగేది కాదు. పోట్లాట కూడా సాఫీగా జరిగేది.

ఈ ఏడాది ప్రణవికి ఓ లెవెల్ పరీక్షలు. హైస్కూలు చదువు అక్కడితో ముగుస్తుంది. ఆ గ్రేడులను బట్టే జూనియర్ కాలేజీయా, ఇంకోటా అన్నది తేలుతుంది. ఆ లెక్క సూర్యకుమారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఇక్కడ పాయింట్లు ఎంత తక్కువైతే అంత గొప్ప. "మా చిన్నప్పుడు సున్నా వస్తే వీపు చిట్లేది. ఇక్కడ సున్నాకి దగ్గరగా వస్తే పండగా?" అనేది. పైగా వచ్చే ఏడాది నుంచి ఈ పరీక్షకు పేరు కూడా మారుతుందట. ఇవన్నీ తలకెక్కకపోయినా ఒక్క సంగతి మాత్రం ఆమెకు బాగా ఎక్కింది. మాతృభాషలో పాసవకపోతే మిగతావాటిలో ఎంత బాగా వచ్చినా జూనియర్ కాలేజీలో సీటు కష్టం.

ప్రణవి హిందీ క్లాసు శనివారాల్లో. మార్చిలో అక్కడ ఉత్తుత్తి నోటి పరీక్ష పెట్టారు. ఏదో బొమ్మ చూపించి దాని గురించి మాట్లాడమన్నారు. ప్రణవి రెండు వాక్యాలు చెప్పి మూగనోము పట్టింది. తల్లిని పిలిచి టీచరు మెల్లగా అసలు విషయం చెప్పింది. రాతపరీక్ష కావాలంటే సంవత్సరం చివర ఇంకోసారి రాసుకోవచ్చు, నోటి పరీక్ష మాత్రం జూలైలో ఒక్కసారే. ఇలాగే ఉంటే కష్టం. ఇంట్లో మాతృభాషలో మాట్లాడండి.

ఆ సాయంత్రం సూర్యకుమారి నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవడం కూడా మరిచిపోయింది.

"ఇంట్లో మాతృభాషలో మాట్లాడమంటోంది హాజరా. మేం మాట్లాడేదేవిటి మరి? తల్లిని నేను. నాకు రాని భాష నా పిల్లకి మాతృభాష ఎలా అవుతుంది?"

"పరీక్ష కోసం అట్ల పేరు పెట్టిన్రు సూర్యా. పేరును పట్టుకొని ఎందుకు కొట్లాడుతవ్?"

"పేరు కాదే. నా పిల్ల ఫెయిలైతే నేనే కదా ఫెయిలు? నేనే చూసుకుంటానన్నాను." నా ఎదురుగా కూలబడి, "నువ్వు దానితో హిందీలో మాట్లాడవే" అంది.

"నాది హిందీ కాదు. పంతుళ్లనడిగితే ఉర్దూ కూడా కాదంటరు. మా కొడుకు ఉబైద్ ఉర్దూ నోటి పరీక్షకు పోయి ఇంట్ల మాట్లాడినట్టు వద్దుకు నక్కో, అవునుకు హౌ అని వచ్చిండు. మార్కులు వాళ్లు నక్కో అన్నరు."

నవ్వుతుందని అన్నాను. నవ్వలేదు. మర్నాటి నుంచి ఇంట్లో హిందీ తప్ప ఇంకో భాష వినబడకూడదని ఆమె రూలు పెట్టింది. తెలుగు బంద్, ఇంగ్లీషు బంద్. చక్రధర్ సరేనన్నాడు. ఆయనకేం, పొద్దున రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్ల ముందు కూర్చుంటే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరడు.

విశారద హిందీతో ఒక చిక్కుంది. అందులో పర్యావరణం ఉంది, దేశభక్తి ఉంది, పరిశ్రమ ఫలితం ఉంది. ఇడ్లీపిండి పులియలేదన్న మాట లేదు. జడ విప్పుకుని తిరగొద్దన్న మాట లేదు. చీపురు కూడా లేదు. సూర్యకుమారికి వచ్చిందల్లా వ్యాసాల భాష. పెద్దమనుషులు సభలో మాట్లాడుకునేలాంటిది. కూతుర్ని "ఆప్" అని పిలవడం మొదలుపెట్టింది. "భోజన్ కర్ లీజియే" అంటుంది. తమరు భోజనం చెయ్యండి అన్నట్టు. ప్రణవి "జీ" అంటుంది. అంతటితో ఆ పూట సంభాషణ సమాప్తం.

సామెతలు లేకుండా ఆ మనిషి నిలబడలేదు కాబట్టి ఒకటి రెండుసార్లు వాటిని హిందీలోకి మార్చబోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నదాన్ని మార్చి చెబితే ప్రణవి కంగారుగా ఎవరి డ్రమ్ము పగిలిందని అడిగిందట. తర్వాత ఆ ప్రయత్నం మానుకుంది.

నోటి పరీక్షకు కూడా ఆమెకు తెలిసిన మార్గం ఒక్కటే. పది వ్యాసాలు బట్టీ పట్టించింది. ఏ బొమ్మ చూపించినా పదింట్లో ఒకదానిలోకి లాక్కురావాలి. చెట్టు కనిపిస్తే పర్యావరణం, పిల్లలు కనిపిస్తే పరిశ్రమ ఫలితం, ఫోను కనిపిస్తే విజ్ఞానశాస్త్ర లాభనష్టాలు. నేను చూస్తూ చూస్తూ ఊరుకోలేక అన్నాను.

"ఇది ఆవు వ్యాసం కథ కాదా? కొబ్బరిచెట్టు గురించి రాయమంటే, చెట్టుకు ఆవును కట్టేసి ఆవు గురించి రాసినోని కథ?"

"అయితే ఏం? వాడు పాసయ్యాడా లేదా?" అంది. ఆ కథలో వాడు పాసయ్యాడో లేదో నాకు తెలియదు. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

నెల తిరిగేసరికి ఏడో అంతస్తులో చప్పుడు ఆగిపోయింది. లిఫ్టులో ఎదురింటి ముసలాయన నన్ను ఆపి, సైగలతోనూ కొంచెం ఇంగ్లీషుతోనూ, ఆవిడకు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. చక్రధర్ మాత్రం సంతోషంగా ఉన్నాడు. "ఇల్లు ప్రశాంతంగా ఉందండీ హాజరాగారూ. తల్లీకూతుళ్లకి గొడవలే లేవు. హిందీ మహిమ" అన్నాడు. గొడవలు లేకపోవడం మంచిదే అని లోకం అంటుంది. కానీ నాకెందుకో ఆ ఇంట్లో అడుగు పెడితే ఆసుపత్రిలో వార్డులోకి వచ్చినట్టు ఉండేది.

ఇంకో గందరగోళం ఏమిటంటే, ప్రణవికి నిజంగానే హిందీ పెరుగుతోంది. అదీ ఇంట్లో కాదు. ఇంట్లో నోరు విప్పే వీలు లేక ఆ పిల్ల శనివారం క్లాసులో ఉన్న లక్నో అమ్మాయితో ఫోనులో గంటలు గంటలు మాట్లాడటం మొదలుపెట్టింది. మెట్ల దగ్గర కూర్చుని గలగలా మాట్లాడుతుంటే ఒకటి రెండుసార్లు విన్నాను. అది వ్యాసాల హిందీ కాదు, పరిగెత్తే హిందీ. సూర్యకుమారి పెట్టిన రూలు పనిచేసినట్టా, చెయ్యనట్టా? ఇప్పటికీ నేను తేల్చుకోలేకపోతున్నాను.

జూన్ చివర్లో ఒకరోజు ఖుబానీ కా మీఠా అనే తీపి చేసి పైకి పట్టుకెళ్లాను. నేను సోఫాలో కూర్చుని ఉండగానే ప్రణవి బడి నుంచి వచ్చింది. మొహం ఉబ్బి ఉంది. లెక్కల పరీక్ష పేపరు ఇచ్చారట, ఘోరంగా వచ్చిందట. సంచి నేల మీద పడేసి, తల్లి ముందు నిలబడి, రూలు మరిచిపోయి ఏడుపు గొంతుతో అంది.

"మా, ఐ కెనాట్ ఆల్రెడీ. ఐ రియల్లీ కెనాట్."

సూర్యకుమారి గబుక్కున లేచింది. చేతులు ముందుకు వచ్చాయి. నోరు తెరిచింది. నేను ఆమె మొహం చూస్తూనే ఉన్నాను. చివరికి బయటికి వచ్చింది ఇది.

"చింతా మత్ కీజియే. పరిశ్రమ్ సే సఫలతా మిల్తీ హై."

దిగులు పడకండి, శ్రమిస్తే విజయం లభిస్తుంది. పరిశ్రమ ఫలితం వ్యాసంలో ఆఖరి వాక్యం అది. ప్రణవి ఏడుపు ఆగిపోయింది. తల్లిని కాసేపు చూసి, "జీ" అని సంచి తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సూర్యకుమారి నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు చాటున గుసగుసగా తెలుగులో మాట్లాడింది. తన ఇంట్లో తన భాషను దొంగసొత్తులా దాచుకుని మాట్లాడుతోంది.

"నేను అందామనుకున్నది అది కాదే. నా తల్లే, పోతే పోయిందిలే వెధవ పరీక్ష, ఇటు రా అందామనుకున్నాను. దాన్ని హిందీలో ఏవంటారు?"

"హిందీల ఎందుకే? తెలుగుల అను. పో, తలుపు కొట్టు."

"అంటే ఇన్నాళ్లు పట్టిన పట్టంతా నీళ్లపాలే కదా? ఇంకెంత, రెండు వారాలు." కళ్లు తుడుచుకుంది. "నేను దానికి మంచి చేస్తున్నానో చెడు చేస్తున్నానో నాకు తెలీట్లేదు హాజరా. నువ్వైనా చెప్పు."

నాకు ఒళ్లు మండింది. పరీక్ష మీద, ఆ రూలు మీద, ఈ మొండి మనిషి మీద. కానీ మా ఉబైద్‌తో ఇంట్లో హాయిగా మా మాటే మాట్లాడాను. వాడికి మార్కులు పోయాయి. ఈమె మాటలు మానేసింది. మార్కులు వస్తాయేమో. ఎవరిది సరైన దారి అంటే ఏం చెప్పను? కుళాయి కట్టేసి కిందికి దిగి వచ్చేశాను.

నోటి పరీక్ష రోజు వచ్చింది. సూర్యకుమారి పెరుగులో పంచదార వేసి కూతురి అరచేతిలో పెట్టి "శుభకామనాయేఁ" అంది. తెనాలిలో అయితే తల్లిదండ్రులంతా పరీక్ష హాలు బయట ఎండలో గొడుగులేసుకుని నిలబడతారు. ఇక్కడ అలా నిలబడితే పిల్లలకు నామోషీ. అందుకని మా బ్లాకు కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో, రాతి బల్ల దగ్గర మధ్యాహ్నం నుంచి కూర్చుంది. తోడుగా నన్నూ కూర్చోబెట్టింది. బస్సు ఆగిన ప్రతిసారీ మెడ చాచి చూసింది. నాతో కూడా తక్కువే మాట్లాడింది. అలవాటు తప్పిపోయినట్టుంది.

నాలుగు దాటాక ప్రణవి వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. సంచి భుజం మీదే ఉంచుకుని మా ముందు నిలబడింది.

"పరీక్షా కైసీ థీ?" అని అడిగింది సూర్యకుమారి.

ఎప్పటిలా "జీ, అచ్ఛీ థీ" అని లిఫ్టు వైపు వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. హిందీలోనే చెప్పడం మొదలుపెట్టింది. ఆగకుండా, తడుముకోకుండా, లక్నో అమ్మాయితో మాట్లాడినంత వేగంగా. ఏ బొమ్మ చూపించారో, ఏం అడిగారో, తాను ఏం చెప్పిందో మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ తల్లి మొహమే చూసింది.

సూర్యకుమారి తల ఊపుతూ వింది. అక్కడక్కడా ఒక మాట పట్టుకున్నట్టు కళ్లు మెరిసి, వెంటనే ఆరిపోయాయి. ప్రణవి ఆపాక నా వైపు తిరిగి చిన్నగా అడిగింది.

"ఏమందే? చాలా తొందరగా మాట్లాడింది. నాకు అందలేదు."

నాకు అందింది. ఒక్క మాట పొల్లుపోకుండా అందింది. అందకుండా ఉంటే బాగుండుననిపించింది.

"మంచిగనే చెప్పిందట" అన్నాను.

"అంతసేపు మాట్లాడింది. బాగా చెప్పాను అనడానికి అంతసేపా? సరిగ్గా చెప్పు హాజరా."

ప్రణవి కూడా నన్నే చూసింది. "టెల్ హర్, ఆంటీ" అంది.

చెప్పాను. "ఒక ఇంట్ల అందరు అన్నం తింటున్న బొమ్మ చూపిచ్చిన్రట. అందరి చేతుల్ల ఫోన్లున్నయట. మీ ఇంట్ల అన్నం తినేటప్పుడు ఎవరు ఎక్కువ మాట్లాడుతరని అడిగిన్రట. ఇది నువ్వు నేర్పిన వ్యాసం షురూ చెయ్యబోయిందట, యాదికి రాలేదట. అప్పుడు గిట్ల చెప్పిందట." నేను ఆగి, ఆ పిల్ల అన్నది అన్నట్టే తెలుగులో పెట్టాను. "మా అమ్మ ఎక్కువ మాట్లాడేది. ఇప్పుడు మా అమ్మ ఇంట్ల లేదు. ఈ పరీక్ష కోసం ఒక కొత్తామె వచ్చింది. చాలా మర్యాద గల మనిషి. నన్ను మీరు అంటది. నేను ఏడిస్తే ఉపన్యాసం చెప్తది. వంట మాత్రం మా అమ్మ లెక్కనే చేస్తది. ఇవ్వాళ ఈ పరీక్ష అయిపోతది కదా, నేను ఇంటికి పోయేసరికి మా అమ్మ వచ్చి ఉంటదా అని ఆలోచిస్తున్న."

సూర్యకుమారి నిజంగానే అర్థం కాని మనిషిలా అడిగింది.

"దానికి మార్కులేస్తారంటావా?"

"ఏమో నాకేం తెల్సు."

"టీచర్ క్రైడ్" అంది ప్రణవి. "బట్ డోంట్ నో లా. మేబీ షి గాట్ ఫ్లూ."

అప్పుడు పేలింది సూర్యకుమారి. "ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. నీకు చెప్పుకోడానికి వాళ్లే దొరికారటే? ముక్కూ మొహం తెలీని వాళ్ల ముందు అమ్మ లేదని చెప్పొచ్చావా? నీకోసం నోరు కుట్టేసుకుని చచ్చానే నేను. పది వ్యాసాలు నేర్పితే ఒక్కటి గుర్తు రాలేదు గానీ, నా పరువు తియ్యడానికి మాత్రం హిందీ బాగా వచ్చిందే నీకు. దుంపతెగ, ఎవరి పోలికే నీది?"

వాయిడ్ డెక్ అంతా మోగిపోయింది. చదరంగం ఆడుకుంటున్న ముసలివాళ్లు తల ఎత్తి చూశారు. ప్రణవి కదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నాకు తెలిసినంతలో ఆ పిల్ల తల్లికి ఎన్నడూ తెలుగులో జవాబు చెప్పలేదు. ఇప్పుడు వంకరటింకరగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది.

"ఇంకా తిట్టు, అమ్మా."

సూర్యకుమారి నోరు తెరిచింది. తెనాలి తిట్లన్నీ తెలిసిన మనిషి. ఒక్కటీ రాలేదు. నా వైపు చూసింది, మళ్లీ కూతురి వైపు చూసింది. ప్రణవి భుజం మీద సంచి దించకుండా అలాగే నిలబడి, తల్లి ఏమంటుందా అని ఎదురుచూస్తోంది.